పేగన్ ఆనవాళ్లు: క్రిస్మస్ చెట్టులో కన్నా బుధవారంలోనే ఎక్కువ

డిసెంబర్ వచ్చిందంటే వాట్సాప్‌లో ఒక సందేశం చక్కర్లు కొడుతుంది. క్రిస్మస్ అసలు రోమన్ల సూర్యదేవుడి పండుగ అని, చెట్టూ కానుకలూ దీపాలూ అన్నీ పేగన్లవేనని, ఈస్టర్ అంటే బాబిలోను దేవత ఇష్తార్ అని, హాలోవీన్ కెల్టుల ప్రేతాల పండుగ అని అందులో ఉంటుంది. దీన్ని పంపేవాళ్లు రెండు రకాలు. క్రైస్తవాన్ని ఎద్దేవా చేయడానికి పంపేవాళ్లు కొందరైతే, క్రిస్మస్ జరుపుకోవడం వాక్యానికి విరుద్ధమని నమ్మే క్రైస్తవ సంఘాలవాళ్లు ఇంకొందరు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే జాబితా. అందులో చాలా అంశాలు పరీక్షకు నిలవవు. గట్టిగా నిలిచే సంగతులేమో ఆ జాబితాలో కనిపించనే కనిపించవు.

ముందుగా ఒక మాట తేల్చుకోవాలి. పేగనిజం అనే ఒకే మతం ఏనాడూ లేదు. రోమన్లు, గ్రీకులు, జర్మన్ తెగలు, కెల్టులు, స్లావులు, బాల్టిక్ జనాలు ఎవరి దేవుళ్లను వాళ్లు ఎవరి పద్ధతిలో వాళ్లు కొలిచారు. 4వ శతాబ్దంలో క్రైస్తవం రాజ్యమతంగా మారుతున్న రోజుల్లో, క్రైస్తవులూ యూదులూ కాని వాళ్లందరినీ ఒకే గాటన కట్టి పెట్టిన పేరు అది. 313లో కాన్‌స్టంటైన్, లిసీనియస్ కలిసి క్రైస్తవానికి స్వేచ్ఛ ఇచ్చారు. 380లో థియొడోసియస్ దాన్నే అధికార మతం చేశాడు. 392కల్లా బలులు, గుళ్లలో పూజలు చట్టవిరుద్ధం. ఉత్తరాన మాత్రం ఈ మార్పుకు ఇంకా చాలా కాలం పట్టింది. ఐస్‌లాండ్ 1000 ప్రాంతంలో మారితే, లిథువేనియా 1387లో బాప్తిస్మం పుచ్చుకుంది. కాబట్టి ఎవరైనా "ఇది పేగన్ ఆచారం" అంటే, ఏ ప్రజలది, ఏ శతాబ్దంలోది అని అడగడం మొదటి పని.

రెండో పని, ఆ ఆచారం గురించి తొలి రాత ఏ ఏడాదిదో చూడటం. ఆ ప్రాంతం క్రైస్తవంలోకి వచ్చిన కాలానికీ ఆ రాతకీ మధ్య ఎంత ఎడం ఉంది? ఆ ఎడాన్ని పూడ్చే ఆధారం ఏదైనా ఉందా? ఉదాహరణకు క్రిస్మస్‌కు గుమ్మానికి కట్టే మిసిల్‌టో కొమ్మను తీసుకోండి. మన బదనికలాగే చెట్ల మీద పెరిగే మొక్క ఇది. గాల్ దేశంలో (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) కెల్టుల డ్రూయిడ్ పూజారులు చంద్రుడి ఆరో రోజున తెల్ల బట్టలతో ఓక్ చెట్టెక్కి, బంగారు కొడవలితో ఈ కొమ్మ కోసి, రెండు తెల్ల ఎద్దులను బలి ఇచ్చేవాళ్లని 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. దాని కింద నిలబడి ముద్దు పెట్టుకునే ఆచారమేమో 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో తొలిసారి రాతల్లో కనిపిస్తుంది. మధ్యలో 1,700 ఏళ్లు, ఒక సముద్రం. ప్లీనీ ముద్దుల ఊసు ఎత్తలేదు, ఇంగ్లిష్‌వాళ్లు ఎద్దుల ఊసు ఎత్తలేదు. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది మొక్క ఒక్కటే.

"పల్లె జనం ఆచారాలను ఎవరు రాస్తారు? రాత లేనంత మాత్రాన ఆచారం లేనట్టా?" అనే ప్రశ్న న్యాయమైనదే. అయితే మధ్యయుగపు మతాధికారులు ఇలాంటి వాటిని ఊరకే వదిలేసే రకం కాదు. 8వ శతాబ్దంలో ఫ్రాంకుల రాజ్యంలో తయారైన ఒక మూఢాచారాల పట్టికలో 30 శీర్షికలున్నాయి. చెట్ల దగ్గర మొక్కుబళ్లు, ఊటల దగ్గర పూజలు, చంద్రగ్రహణం నాటి అరుపులు, పిండితో చేసిన బొమ్మలు అన్నీ అందులో ఉన్నాయి. 11వ శతాబ్దం మొదట్లో జర్మనీలోని వర్మ్స్ బిషప్ బర్కార్డ్ ఏ తప్పుకు ఎన్ని రోజులు రొట్టె, నీళ్లతో ఉపవాసం ఉండాలో లెక్కకట్టి రాశాడు. ఈ నిషేధాలతోనూ ఒక తంటా ఉంది. వీటిలో చాలా వాక్యాలు 542లో చనిపోయిన ఆర్ల్ బిషప్ సీజేరియస్ ప్రసంగాల నుంచి ఎత్తి రాసినవి. జర్మనీలో ఫలానా ఆచారం ఉండేదని మనం చదువుతున్న వాక్యం, అంతకు ముందెప్పుడో దక్షిణ ఫ్రాన్స్‌లో చూసి రాసినది అయ్యుండవచ్చు.

డిసెంబర్ 25

అన్నింటికన్నా చిక్కుముడి ఇదే, అందుకే కాస్త దగ్గరగా చూడాలి. వాదనంతా ఒకే ఒక పుస్తకం చుట్టూ తిరుగుతుంది. 354లో ఫిలోకలస్ అనే అక్షరశిల్పి రోములో ఒక ధనికుడి కోసం తయారుచేసిన పంచాంగ సంకలనం అది. అందులోని పౌర క్యాలెండర్‌లో డిసెంబర్ 25 ఎదుట "అజేయుడి జన్మదినం, 30 రథపందేలు" అని మూడు ముక్కల్లో ఉంటుంది. అదే సంకలనంలో ఇంకోచోట, 336 నాటిదిగా భావించే క్రైస్తవ హతసాక్షుల జాబితా ఉంది. దాని మొదటి పంక్తి ఇది: డిసెంబర్ 25న యూదయ బేత్లెహేములో క్రీస్తు పుట్టాడు. అంటే సూర్యుడి పుట్టినరోజుకూ క్రీస్తు పుట్టినరోజుకూ మనకున్న తొలి కచ్చితమైన ఆధారం ఒకే అట్టల మధ్య దొరుకుతోంది. ఎవరు ఎవరి తేదీ తీసుకున్నారో ఈ పుస్తకం ఒక్కటే చూసి చెప్పలేం.

274లో అరేలియన్ చక్రవర్తి అజేయ సూర్యుడికి రోములో గుడి కట్టించిన మాట నిజం. ఆ గుడి ప్రతిష్ఠ డిసెంబర్ 25నే జరిగిందనేది మాత్రం తర్వాతివాళ్ల ఊహ. పైగా అదే ఫిలోకలస్ క్యాలెండర్‌లో సూర్యుడి పెద్ద ఉత్సవం అక్టోబర్ 19 నుంచి 22 వరకు, చివరి రోజున 36 పందేలతో. డిసెంబర్ 25 అప్పటికి సూర్యుడి పండుగల్లో అంత పాతదీ కాదు, అన్నింటిలోకీ పెద్దదీ కాదు.

ఇంకో దారి, లెక్కల దారి. యేసు సిలువ మీద చనిపోయింది మార్చి 25న అని పశ్చిమ క్రైస్తవులు 200 ప్రాంతం నుంచే లెక్కకట్టారు. తల్లి గర్భంలో పడ్డ తేదీ, ప్రాణం విడిచిన తేదీ ఒకటేనన్న నమ్మకాన్ని 5వ శతాబ్దం మొదట్లో బిషప్ అగస్టీన్ స్పష్టంగా రాశాడు. మార్చి 25కు తొమ్మిది నెలలు కలిపితే డిసెంబర్ 25. తూర్పున కొందరు మరణ తేదీని ఏప్రిల్ 6గా లెక్కించారు. దానికి తొమ్మిది నెలలు కలిపితే జనవరి 6. అర్మేనియన్ చర్చి ఇప్పటికీ జనవరి 6నే క్రీస్తు జననాన్ని జరుపుతుంది. సూర్యుడి పండుగను దొంగిలించారన్న సిద్ధాంతం ఈ రెండో తేదీని వివరించలేదు, లెక్క వివరించగలదు. అందుకే తేదీ పుట్టుక విషయంలో లెక్క వైపు మొగ్గడమే సబబు. "పేగన్లు ఆ రోజు దీపాలు వెలిగించేవాళ్లు కాబట్టి మనవాళ్లు పండుగను అక్కడికి మార్చారు" అని నోరు విప్పి చెప్పే రాత, 12వ శతాబ్దపు సిరియా రచయిత ఒకరి గ్రంథం అంచున ఎవరో గీకిన వ్యాఖ్య. సంఘటనకూ దానికీ 800 ఏళ్ల దూరం.

అలాగని సూర్యుడికి పాత్రే లేదనుకోకూడదు. తేదీ ఖాయమయ్యాక బోధకులు సూర్యుణ్ని బాగానే వాడుకున్నారు. మలాకీ గ్రంథంలోని "నీతి సూర్యుడు" మాటను క్రీస్తుకు అన్వయించి ఏటా ప్రసంగించారు. జనం ఆ రెండింటినీ కలిపేసుకున్నారు కూడా. 5వ శతాబ్దం మధ్యలో పోప్ లియో ఒక క్రిస్మస్ ప్రసంగంలో రోము క్రైస్తవుల మీద విరుచుకుపడ్డాడు. సెయింట్ పీటర్స్ చర్చి మెట్లెక్కి, పైకి చేరగానే వెనక్కి తిరిగి, ఉదయించే సూర్యుడికి తలవంచి ఆ తర్వాతే లోపలికి వస్తున్నారట. పేగన్ ఆనవాలు అంటే అసలైనది ఇలా ఉంటుంది. సాక్షి ఉన్నాడు, చోటు ఉంది, కాలం ఉంది, తిట్టు కూడా ఉంది.

సూర్యుడి సంగతి వచ్చింది కాబట్టి తేదీల జరుగుబాటు గురించీ చెప్పుకోవాలి. జూలియన్ క్యాలెండర్ 128 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఋతువుల నుంచి జారిపోయేది. రోమన్ల సంప్రదాయ లెక్కలో దక్షిణాయనాంతం, అంటే ఏడాదిలో అతి పెద్ద రాత్రి, డిసెంబర్ 25 అయినా, 4వ శతాబ్దానికి ఆకాశంలో అది 21 ప్రాంతానికి వచ్చేసింది. 14వ శతాబ్దానికి 13కు చేరింది. స్వీడన్‌లో డిసెంబర్ 13న జరిగే లూసియా రాత్రిని ఏడాదిలో అతి పెద్ద రాత్రిగా పల్లెల్లో చెప్పుకోవడానికి కారణం అదే. 1582లో పోప్ గ్రెగరీ పది రోజులు కొట్టేసి దాన్ని సరిచేశాడు. మన సంక్రాంతిదీ జరుగుబాటే, కారణం మాత్రం వేరు. మకర సంక్రమణాన్ని నక్షత్రాలతో కొలుస్తాం కాబట్టి సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున అది అసలు ఉత్తరాయణం నుంచి ముందుకు జరుగుతోంది. దాదాపు 1,700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజున ఉండేవి. ఇప్పుడు మధ్యలో మూడు వారాలకు పైగా తేడా. ఒక పండుగ ఆయనం రోజున వస్తోంది కాబట్టి పేగన్‌దే అని వాదించేవాళ్లు, ఆ శతాబ్దంలో ఆయనం ఏ తేదీన పడిందో ముందు లెక్క వేసుకోవాలి. ఆ పని చేసేవాళ్లు అరుదు.

కానుకలు, చెట్టు, యూల్

క్రిస్మస్ విందువినోదాలకు మూలం సాటర్నేలియా అంటారు. శని దేవుడి పేర రోములో డిసెంబర్ 17న మొదలై 23 వరకు సాగిన పండుగ అది. యజమానులు బానిసలతో కలిసి భోంచేసేవారు, కొన్నిచోట్ల వడ్డించేవారు కూడా. మిగతా ఏడాదంతా నిషేధమైన జూదం ఆ వారం బహిరంగంగా ఆడేవారు. మైనపు కొవ్వొత్తులు, మట్టి బొమ్మలు ఇచ్చిపుచ్చుకునేవారు. క్రిస్మస్‌తో పోలిక ఉన్నమాట నిజమే గానీ, కానుకల గొలుసు ఎక్కడా తెగకుండా కనిపించేది మాత్రం పక్క పండుగలో. జనవరి 1 నాటి కలెండ్స్ అది. ఆ రోజు ఇచ్చే కానుకలను రోమన్లు స్ట్రేనే అనేవారు. దీని మీద అగస్టీన్, జాన్ క్రిసొస్తొమ్ ప్రసంగాలు చేశారు. 567లో తూర్ నగరంలో కూడిన మత సభ, ఆ రోజుల్లో జనం పేగన్ పద్ధతులు పాటిస్తున్నారని ఉపవాస ప్రార్థనలు పెట్టింది. ఇంతచేసినా ఆచారం చావలేదు. ఫ్రాన్స్‌లో కొత్త సంవత్సరానికి పనివాళ్లకు, పోస్ట్‌మన్‌కు ఇచ్చే మామూలును ఇప్పటికీ ఎత్రెన్ అంటారు, ఇటలీలో పండుగ కానుకను స్ట్రెన్నా అంటారు. పేరు, తేదీ, పని మూడూ నిలిచాయి, మధ్యలో తిట్టినవాళ్ల రాతలూ ఉన్నాయి. క్రిస్మస్ చెట్టుకు ఇందులో పదో వంతు ఆధారం కూడా లేదు.

చెట్టు సంగతి త్వరగా ముగించవచ్చు. 1605లో స్ట్రాస్‌బర్గ్ ఇళ్లలో ఫర్ చెట్లు నిలబెట్టి రంగురంగుల కాగితం గులాబీలు, ఆపిల్ పళ్లు, పల్చటి అప్పచ్చులు, చక్కెర మిఠాయిలు కట్టేవారని ఒకరు రాశారు. ఆ చుట్టుపక్కల దాఖలాలు ఇంకాస్త వెనక్కి, 15, 16 శతాబ్దాల దాకా పోతాయి. అప్పటికి ఆ ప్రాంతం క్రైస్తవమై ఎనిమిది వందల ఏళ్లు పైమాటే. ఆపిల్ పళ్లకు దగ్గరి వివరణ చర్చిలోనే ఉంది. డిసెంబర్ 24 ఆదాము, హవ్వల రోజు. ఆ నాటకంలో ఏదెను తోట చెట్టుకు చలికాలంలో ఆకులుండే చెట్టు కావాలి, దానికి పళ్లు కట్టాలి. 8వ శతాబ్దంలో మతప్రచారకుడు బోనిఫేస్ జర్మనీలో పేగన్ల పవిత్ర వృక్షాన్ని నరికితే దాని మొదట్లో ఫర్ మొక్క మొలిచిందనే కథ తర్వాత అల్లింది. అసలు చరిత్రలో ఆయన నరికింది ఓక్ చెట్టు, దాని కలపతో ప్రార్థనామందిరం కట్టాడు.

నిజంగా మిగిలింది పేరు. స్వీడన్, నార్వే, డెన్మార్క్‌లలో క్రిస్మస్‌ను నేటికీ యూల్ అనే అంటారు, ఫిన్లండ్‌లో యౌలు. క్రైస్తవానికి ముందటి చలికాలపు పండుగ పేరే అది. 10వ శతాబ్దపు నార్వే రాజు హాకోన్ క్రైస్తవుడు, ప్రజలు కారు. యూల్ పండుగను క్రిస్మస్ రోజులకు జరపాలని ఆయన చట్టం చేశాడని 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్ చరిత్రకారుడు స్నోర్రి స్టుర్లుసన్ రాశాడు. ప్రతి ఇంటివాడూ నిర్ణీత కొలత ధాన్యంతో బీరు కాచాలి, అది అయిపోయేదాకా పండుగ చేయాలి. పేగన్ పండుగను క్రైస్తవ తేదీకి తేవడం ఇది. వాట్సాప్ సందేశంలో ఉండేది దీనికి సరిగ్గా తలకిందులు.

ఈస్టర్ కుందేలు

ఇష్తార్ కథను రెండు ముక్కల్లో తేల్చేయవచ్చు. ఈస్టర్ అనే పేరు ఇంగ్లిష్, జర్మన్ భాషల్లోనే ఉంది. గ్రీకు, లాటిన్, ఫ్రెంచ్, ఇటాలియన్, రష్యన్ భాషలన్నీ యూదుల పస్కా నుంచి వచ్చిన పేరే వాడతాయి. తెలుగు బైబిల్ చదివేవాళ్లకు ఆ మాట కొత్త కాదు. పండుగ బాబిలోను నుంచి వచ్చుంటే, బాబిలోనుకు దగ్గరున్న భాషల్లో ఆ పేరు ఉండక ఇంగ్లండ్‌లో తేలడం ఏమిటి? ఈ సిద్ధాంతాన్ని జనంలోకి తెచ్చింది స్కాట్లండ్ మతబోధకుడు అలెగ్జాండర్ హిస్లాప్. 1853లో కథోలిక చర్చిని బాబిలోను మతంగా చూపించడానికి ఆయన ఒక కరపత్రం వేసి, తర్వాత దాన్ని పెద్ద పుస్తకంగా పెంచాడు.

ఇంగ్లిష్ పేరు వెనక ఒక దేవత ఉండే అవకాశం మాత్రం కొట్టిపారేయలేనిది. 725లో సన్యాసి బీడ్ కాలగణన గ్రంథం రాస్తూ, పాత ఆంగ్లేయులు ఏప్రిల్‌కు పెట్టుకున్న నెల పేరు ఎయోస్త్రే అనే దేవత నుంచి వచ్చిందని ఒక వాక్యం రాశాడు. ఆమె గురించి మనకున్నది ఆ ఒక్క వాక్యమే. 1835లో జానపద కథలు సేకరించిన జర్మన్ పండితుడు యాకబ్ గ్రిమ్ దాన్ని పట్టుకుని జర్మనీలో ఓస్తారా అనే దేవత ఉండి ఉంటుందని పునర్నిర్మించాడు. 1958లో జర్మనీలోని మోర్కెన్-హార్ఫ్ దగ్గర ఆస్ట్రియాహేనే అనే మాతృదేవతలకు రోమన్ కాలంలో చెక్కించిన మొక్కుబడి శిలలు 150కి పైగా దొరకడంతో బీడ్ మాటకు కొంత బలం వచ్చింది. కుందేలు, గుడ్లు ఆమెవే అనడానికి మాత్రం బీడ్ దగ్గరా లేదు, శిలల మీదా లేదు.

గుడ్లకు దేవత అక్కర్లేదు, కోళ్లు చాలు. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాసంలో మాంసం, పాలతోపాటు గుడ్లూ నిషేధం. కోళ్లేమో సరిగ్గా ఆ వసంతంలోనే జోరుగా గుడ్లు పెడతాయి. పాడవకుండా ఉడకబెట్టి దాచిన గుడ్లు పండుగ నాటికి గుట్ట పడతాయి. 1290లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఇంటి లెక్కల్లో ఈస్టర్ పంపకానికి 450 గుడ్లు, ఖర్చు 18 పెన్నీలు అని ఉంది. గుడ్లు తెచ్చే కుందేలు తొలిసారి కనిపించేది 1682 నాటి ఒక జర్మన్ వైద్యుడి వ్యాసంలో. ఆయనకు మతంతో పని లేదు, గుడ్లు అతిగా తిని జబ్బుపడుతున్న పిల్లల గురించి రాశాడు.

హాలోవీన్: ఒకే తేదీ మీద రెండు పండుగలు

హాలోవీన్ అంటే అక్టోబర్ 31 రాత్రి, నవంబర్ 1 పండుగకు ముందు రాత్రి. ఆ నవంబర్ 1న ఐర్లండ్‌లో సౌయిన్ అనే పండుగ ఉండేదన్న దాంట్లో అనుమానం లేదు. వేసవి పచ్చికల నుంచి పశువులను దింపడం, చలికాలానికి మేత చాలని వాటిని కోయడం, సభలు, విందులు. మధ్యయుగపు ఐరిష్ కథలు ఏడాదిని నాలుగుగా విడగొట్టే రోజుల్లో దీన్ని ఒకటిగా చెబుతాయి. గుట్టలు తెరుచుకుని మాయాజనం బయటికొచ్చేదీ ఆ రాత్రే. చచ్చినవాళ్లను కొలవడం మాత్రం ఆ కథల్లో పెద్దగా లేదు. సౌయిన్ "కెల్టుల సంవత్సరాది" అన్న మాటను జాన్ రీస్ అనే వేల్స్ పండితుడు 1886లో ప్రతిపాదించాడు, అదీ తన కాలపు జానపదుల మాటల ఆధారంగా.

సౌయిన్‌ను అణచడానికే చర్చి సకల పరిశుద్ధుల పండుగను నవంబర్ 1న పెట్టిందన్న వాదన తేదీల దగ్గర తడబడుతుంది. 609లో పోప్ నాలుగో బోనిఫేస్ రోములోని పాంథియన్ గుడిని హతసాక్షుల చర్చిగా మార్చింది మే 13న. 800 ప్రాంతంలో ఇంగ్లండ్ ఉత్తరాన, జర్మన్ ప్రాంతాల్లో నవంబర్ 1 కనిపిస్తుంది. 835లో లూయీ చక్రవర్తి ఫ్రాంకుల రాజ్యమంతటా దాన్నే ఖాయం చేశాడు. అదే 800 ప్రాంతంలో ఐర్లండ్‌లో రాసిన పరిశుద్ధుల పట్టికలో ఈ పండుగ ఏప్రిల్ 20న ఉంది. సౌయిన్ ఉన్న దేశంలో పండుగ ఏప్రిల్‌లో, సౌయిన్ లేని దేశంలో నవంబర్‌లో!

చచ్చినవాళ్లు ఈ చిత్రంలోకి వచ్చింది చర్చి ద్వారానే. 1000 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠాధిపతి ఓడిలో, తన మఠాలన్నిటా మృతుల ఆత్మల కోసం నవంబర్ 2న ప్రార్థనలు పెట్టాడు. ఇంగ్లండ్‌లో పేదలు ఇంటింటికీ తిరిగి, ఆ ఇంటి మృతుల కోసం ప్రార్థిస్తామని చెప్పి చిన్న రొట్టెలు అడుక్కునేవారు. ఐర్లండ్, స్కాట్లండ్‌లలో టర్నిప్ దుంప తొలిచి లోపల దీపం పెట్టేవారు. 1845 కరువు తర్వాత లక్షల సంఖ్యలో ఐరిష్‌వాళ్లు అమెరికా చేరాక, అక్కడ చవకగా దొరికే పెద్ద గుమ్మడికాయ ఆ దుంప స్థానంలోకి వచ్చింది. ఐరిష్‌వాళ్ల వంతుగా వచ్చినవి మంటలు, జోస్యాలు, ఎండుద్రాక్ష రొట్టెలో ఉంగరం దాచి ఎవరికి దొరికితే వాళ్లకు ఆ ఏడు పెళ్లని చెప్పడం. మంట కనిపించగానే భోగిమంటతో ముడిపెట్టేవాళ్లు మనలో ఉన్నారు. చలి రాత్రి జనం గుమిగూడితే మంట వేసుకోవడానికి ఉమ్మడి పూర్వీకులు అక్కర్లేదు.

బుధవారం

ఇక అసలు ఆనవాలు దగ్గరికి వద్దాం. ఇది గోడ మీద క్యాలెండర్‌లో ఉంది. వారంలోని ఏడు రోజుల పేర్లు ఏడు గ్రహదేవతలవి, ఆ వరుస రోమన్, గ్రీకు జ్యోతిషుల లెక్క నుంచి వచ్చింది. 79లో బూడిదలో కూరుకుపోయిన పోంపే గోడల మీద కూడా ఈ ఏడు దేవతల రోజులు గీకి ఉన్నాయి.

వరుస ఎలా వచ్చిందో కాగితం మీద వేసి చూడవచ్చు. ఆకాశంలో అతి నెమ్మదిగా కదిలేవాటి నుంచి వేగంగా కదిలేవాటి దాకా రాయండి: శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. రోజులోని 24 గంటలను ఈ వరుసలో ఒక్కొక్క గ్రహానికి పంచండి. మొదటి గంట ఏ గ్రహానిదో రోజంతా దాని పేరే. శనితో మొదలైతే 1, 8, 15, 22 గంటలు శనివి. 23 గురుడిది, 24 కుజుడిది. మర్నాడు మొదటి గంట రవిది, కాబట్టి అది ఆదివారం. ఆదివారం 22వ గంట మళ్లీ రవిది, 23 శుక్రుడిది, 24 బుధుడిది, మర్నాటి తొలి గంట చంద్రుడిది, అంటే సోమవారం. 24ను ఏడుతో భాగిస్తే మిగిలేది 3 కాబట్టి ప్రతి రోజూ మూడేసి స్థానాలు దూకుతుంది. ఇలాగే పోతే కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు వరసగా వస్తారు. మన పంచాంగాల్లోని హోరల పట్టిక చేసేది సరిగ్గా ఇదే లెక్క, సూర్యోదయం నుంచి.

ఈ లెక్క గ్రీకు జ్యోతిషంతోపాటు మన దేశంలోకి వచ్చింది. హోర అనే మాటే గ్రీకుది. అంతకు ముందు మన శాసనాల్లో వారం పేరు రాసే అలవాటు లేదు. నాగార్జునకొండ ఇక్ష్వాకుల ప్రాకృత శాసనాలు చూస్తే రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు, ఏ ఋతువులో ఎన్నో పక్షం, ఎన్నో దినం అని ఉంటుంది. వారం పేరుతో దొరికిన తొలి శాసనంగా చెప్పేది మధ్యప్రదేశ్‌లోని ఏరణ్ శాసనం. బుధగుప్తుడి కాలంలో 484లో వేసిన దాంట్లో ఆషాఢ శుద్ధ ద్వాదశి, గురువారం అని ఉంది.

అటు ఉత్తరాన రైన్ నది సరిహద్దులో రోమన్ సైన్యంతో కలిసి బతికిన జర్మన్ తెగలు ఇదే వరుసను తీసుకుని, దేవుళ్లను తమవాళ్లతో మార్చుకున్నాయి. కుజుడి చోట తీవ్, బుధుడి చోట వోడెన్, పిడుగులు వేసే గురుడి చోట పిడుగుల థోర్, శుక్రుడి చోట ఫ్రిగ్. ఇంగ్లిష్‌వాళ్ల ట్యూస్‌డే, వెన్స్‌డే, థర్స్‌డే, ఫ్రైడే వీళ్లే. శనికి సాటి దేవుడు దొరక్క సాటర్న్ పేరే ఉంచేసుకున్నారు. స్కాండినేవియావాళ్లు ఆ రోజుకు స్నానాల రోజని పేరు పెట్టి ఊరుకున్నారు.

ఇది పేగన్ ఆనవాలే అని ఆనాటి చర్చికి బాగా తెలుసు. 6వ శతాబ్దంలో బ్రాగా బిషప్ మార్టిన్, క్రైస్తవులు దెయ్యాల పేర్లతో రోజులు లెక్కపెట్టడమేమిటని మండిపడ్డాడు. ఆయన ప్రాంతం ఇప్పటి పోర్చుగల్. అక్కడ ఈనాటికీ సోమవారం నుంచి శుక్రవారం దాకా రెండోది, మూడోది అనే అంకెల పేర్లే. 12వ శతాబ్దం మొదట్లో ఐస్‌లాండ్‌లో హోలర్ బిషప్ యోన్ కూడా తీవ్, ఓడిన్, థోర్, ఫ్రిగ్‌ల పేర్లు తీసేయించాడు. అక్కడి భాషలో మంగళవారం ఇప్పుడు మూడో రోజు, శుక్రవారం ఉపవాస దినం. మిగతా యూరప్‌లో ఆ ప్రయత్నం పారలేదు. 321లో కాన్‌స్టంటైన్ వేసిన సెలవు చట్టమే "పూజ్యమైన సూర్యుడి దినం" అన్నప్పుడు పారడం కష్టమే మరి. ఆ చట్టం రైతులను మాత్రం పొలం పని చేసుకోనిచ్చింది, విత్తడానికి అనువైన సమయం చేజారిపోకూడదు కాబట్టి.

జాబితా ఎవరు తయారు చేశారు

చర్చి పాత పండుగలను తెలివిగా మింగేసిందన్న కథకు ప్రధాన సాక్ష్యంగా 601లో పోప్ గ్రెగరీ రాసిన ఉత్తరాన్ని చూపిస్తారు. ఆంగ్లేయుల గుళ్లను పడగొట్టవద్దు, విగ్రహాలను తీసేసి, పవిత్ర జలం చల్లి, బలిపీఠాలు పెట్టండి. ఎద్దులను బలి ఇచ్చే అలవాటు ఉంది కాబట్టి చర్చి చుట్టూ కొమ్మలతో పందిళ్లు వేసుకుని కోసి తిననివ్వండి, కాకపోతే దేవుడి పేర. ఉత్తరం నిజమైనదే. అదే ఏడాది అదే పోప్ కెంట్ రాజు ఎథెల్‌బర్ట్‌కు రాసిన ఇంకో ఉత్తరంలో గుళ్లను పడగొట్టమన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. చర్చికి ఒక మహా పథకం ఉండేదని చెప్పడానికి ఈ రెండూ కలిపి చదివితే ఇబ్బందే. చోటును బట్టి, మనిషిని బట్టి నడిచిన వ్యవహారం ఇది.

"మీ పండుగలు పేగన్‌వి" అన్న దాడి మొదట క్రైస్తవుల్లోంచే వచ్చింది. కథోలిక ఆచారాలను తుడిచేయాలనుకున్న ప్యూరిటన్లు 1647లో ఇంగ్లండ్ పార్లమెంటు ద్వారా క్రిస్మస్, ఈస్టర్‌లను రద్దు చేయించారు. 1659లో మసాచుసెట్స్ వలసరాజ్యం క్రిస్మస్ జరుపుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా వేసింది, 1681 దాకా ఆ చట్టం ఉంది. 19వ శతాబ్దంలో అదే ఆరోపణ గర్వకారణమైంది. గ్రిమ్ జర్మన్లకు, 1890 నుంచి బ్రిటిష్ పండితుడు జేమ్స్ ఫ్రేజర్ ప్రపంచానికంతటికీ, ప్రతి పల్లె ఆటలోనూ చచ్చి బతికే పంట దేవుణ్ని చూపించారు. ఫ్రేజర్ పద్ధతిలో లోపం సూటిగా ఉంది. పోలిక కనిపిస్తే చాలు, వారసత్వం అనేశాడు.

20వ శతాబ్దంలో ఆ పుస్తకాలు చదివినవాళ్లు నిజంగానే మతం కట్టారు. మంత్రవిద్య చట్టం 1951లో రద్దయ్యాక ఇంగ్లండ్‌లో జెరాల్డ్ గార్డ్‌నర్ విక్కా అనే కొత్త పేగన్ మతాన్ని బహిరంగం చేశాడు. నాలుగు ఐరిష్ పండుగలకు రెండు ఆయనాలు, రెండు విషువత్తులు కలిపి ఎనిమిది పండుగల "సంవత్సర చక్రం" 1950ల్లో తయారైంది. ప్రాచీనుల్లో ఎనిమిదీ జరుపుకున్న జనం లేరు. శరద్విషువత్తుకు మాబన్ అన్న పేరు 1970ల్లో అమెరికాలో పెట్టింది. అంతమాత్రాన అది నకిలీ అనడం తొందరపాటు, కొత్త మతానికి కొత్త పండుగలు ఉంటాయి. ఐస్‌లాండ్‌లో 1972లో మొదలై మరుసటి ఏడాది ప్రభుత్వ గుర్తింపు పొందిన, పాత ఓడిన్, థోర్ వంటి దేవుళ్లను కొలిచే ఆసాత్రూ సంఘం పెళ్లిళ్లు చేస్తుంది, అవి చట్టబద్ధం. వాళ్ల బ్లోట్ అనే క్రతువులో జంతుబలి ఉండదు, పానపాత్ర చేతులు మారుతుంది, పద్యం చదువుతారు, తర్వాత భోజనం.

ఐర్లండ్ ప్రభుత్వం 2023 నుంచి ఐరిష్ సన్యాసిని సెయింట్ బ్రిజిడ్ పేర ఫిబ్రవరి మొదట్లో కొత్త సెలవు ఇచ్చింది. ఫిబ్రవరి 1 ఆమె రోజు, పాత ఐరిష్ పండుగ ఇంబోల్క్ రోజు కూడా. ఒకరు చర్చికి వెళ్తే, ఇంకొకరు దేవత బ్రిగిత్‌కు దీపం పెడతారు. దేవతే సన్యాసినిగా మారిందని అందరూ తేలిగ్గా అనేస్తారు. రాతలు చూస్తే సన్యాసిని జీవిత చరిత్ర 7వ శతాబ్దానిది. కవులు, వైద్యులు, కమ్మరులు కొలిచే బ్రిగిత్ దేవత పేరు కనిపించే ఐరిష్ నిఘంటువు 900 ప్రాంతానిది. దాన్ని రాసినవాడు బిషప్.